తోక మీది అక్షరానికి లేని అధికారం

అమెరికా పైలట్ లైసెన్సు ఉండి అమెరికా బయట ఉంటున్నవాళ్ళలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. రెండేళ్ళకోసారి చేయించుకోవలసిన ఫ్లైట్ రివ్యూ చెల్లాలంటే విమానం అమెరికాలో రిజిస్టరైనదే అయి ఉండాలట. తోక దగ్గర ‘ఎన్’తో మొదలయ్యే నంబరు లేకపోతే ఎగిరిన గంట వృథా అట. మన ‘వీటీ’ విమానంలోనో, బ్రిటన్ ‘జీ’ విమానంలోనో, జర్మనీ ‘డీ’ విమానంలోనో ఎంత చక్కగా నడిపి చూపించినా లాగ్‌బుక్‌లో పడే సంతకానికి విలువ ఉండదట. ఈ ‘అట’లన్నీ సీనియర్లు జూనియర్లకు చెబుతారు, కొందరు ఇన్‌స్ట్రక్టర్లు విద్యార్థులకు చెబుతారు. ఏ నిబంధనలో ఉందో చూపించమని అడిగేవాళ్ళు తక్కువ. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, విన్నవాళ్ళు విన్నట్టే టికెట్టు కొనుక్కుని అమెరికా వెళ్ళి రివ్యూ చేయించుకుని వస్తున్నారు. వెళ్ళలేనివాళ్ళు ఆ ఊసే మానేస్తున్నారు.

ఈ నమ్మకం తప్పు. నిబంధన చదివినా, దాన్ని పెట్టిన ఉద్దేశం చూసినా తప్పనే తేలుతుంది. అయినా ఇంతకాలం నిలబడిందంటే దానికో కారణం ఉంది. వేర్వేరు ప్రశ్నలు రెంటిని ఒకటిగా కలిపేశారు. ఈ రివ్యూ అమెరికా చట్టం లెక్కలోకి వస్తుందా అన్నది మొదటి ప్రశ్న. ఈ విమానాన్ని ఈ దేశంలో ఈ మనిషి నడపొచ్చా అన్నది రెండోది. రెండో ప్రశ్నకు ఒక్కోసారి వచ్చే ‘కుదరదు’ అన్న జవాబును తెచ్చి మొదటి ప్రశ్నకు అతికిస్తున్నారు.

ఇదంతా ఎవరో నలుగురి గొడవలే అని తీసిపారేయడానికి లేదు. హైదరాబాదు నుంచీ, విజయవాడ, విశాఖల నుంచీ ఫ్లోరిడా, టెక్సాస్, ఆరిజోనా, కాలిఫోర్నియాల్లోని ఫ్లయింగ్ స్కూళ్ళకు వెళ్ళి కమర్షియల్ లైసెన్సు తెచ్చుకుని, ఇక్కడ మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సుగా మార్పించుకున్న మన పిల్లలు చాలామంది ఉన్నారు. డాలస్‌లోనో బే ఏరియాలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో విమానం నేర్చుకుని, ఆ తరువాత ఉద్యోగరీత్యా లండన్‌కో హైదరాబాదుకో మారినవాళ్ళున్నారు. భారతీయ లైసెన్సు ఆధారంగా అమెరికా ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. వీళ్ళందరి అమెరికా సర్టిఫికెట్ మీదా గడువు తేదీ ఉండదు. రివ్యూ గడువు దాటినంత మాత్రాన లైసెన్సు పోదు. దాని ఆధారంగా పైలట్ ఇన్ కమాండ్‌గా కూర్చునే హక్కు మాత్రం రివ్యూ అయ్యేదాకా ఆగుతుంది. 2024 మార్చి 10న రివ్యూ చేయించుకుంటే ఆ హక్కు 2026 మార్చి 31 దాకా నడుస్తుంది, ఎందుకంటే లెక్క క్యాలెండర్ నెలల్లో. కాబట్టి రివ్యూ ఎక్కడ, ఏ విమానంలో చేయించుకోవచ్చన్నది వీళ్ళకు డబ్బుతో, సెలవులతో, వీసాతో ముడిపడిన విషయం.

ఇక నిబంధన. అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్‌ఏఏ, నియమావళి 61వ భాగంలో 61.56 అనే సెక్షన్ ఉంది. అది అడిగేవి కొన్నే. నేల మీద కనీసం ఒక గంట శిక్షణ, గాలిలో కనీసం ఒక గంట శిక్షణ. నేల మీది గంటలో 91వ భాగంలోని సాధారణ విమాన నియమాలను తిరగేయాలి. గాలిలో ఏమేం చేయించాలన్నది రివ్యూ చేసేవారి విచక్షణకే వదిలేశారు. ఈ పైలట్ సురక్షితంగా నడపగలడని తేల్చుకోవడానికి ఏవి అవసరమనుకుంటే అవి చేయిస్తారు. రివ్యూ జరిగే విమానం ఆ పైలట్‌కు రేటింగ్, అంటే ఆ తరహా విమానం నడిపే అర్హత, ఉన్నదై ఉండాలి. ఇచ్చేది అధీకృత ఇన్‌స్ట్రక్టర్ అయి ఉండాలి. తృప్తికరంగా పూర్తయిందని ఆయన లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. ఇంతే. విమానం ఏ దేశపు రిజిస్టరులో ఉండాలన్న ముక్క ఈ సెక్షన్‌లో ఎక్కడా లేదు. ‘ఎయిర్‌క్రాఫ్ట్’ అంటే ఏమిటో ఎఫ్‌ఏఏ నియమావళి మొదటి భాగమే చెబుతుంది: గాలిలో ఎగరడానికి వాడే, లేదా వాడాలని ఉద్దేశించిన సాధనం. ఆ నిర్వచనంలోనూ జెండా లేదు, నంబరు లేదు.

‘రాయలేదు గానీ ఉద్దేశం అదే’ అంటారు కొందరు. ఆ మాట నిలవదు. అమెరికా రిజిస్ట్రేషన్ కావాలనుకున్న చోట ఎఫ్‌ఏఏ ఆ మాట విడమరిచి రాసుకుంది. అదే 61వ భాగంలో 61.45 చూడండి. లైసెన్సు కోసమో రేటింగ్ కోసమో చెక్‌రైడ్ అనే పరీక్షకు వెళ్ళే అభ్యర్థి ఎలాంటి విమానం తేవాలో అందులో ఉంది. మొట్టమొదట అమెరికా రిజిస్ట్రీలో ఉన్న విమానం అని పేరుపెట్టి చెప్పారు. వెంటనే, పరీక్షాధికారి ఒప్పుకుంటే అదే కేటగిరీ, అదే క్లాసుకు చెందిన విదేశీ విమానం తేవచ్చని కూడా చెప్పారు. ఆ విమానానికి దాని సొంత దేశం ఇచ్చిన సర్టిఫికెట్లు సరిగ్గా ఉంటే చాలు. అంటే లైసెన్సు ఇవ్వాలా వద్దా అని తేల్చే పరీక్షకే విదేశీ విమానానికి తలుపు తెరిచి ఉంది. ఫ్లైట్ రివ్యూ అసలు పరీక్షే కాదు. అందులో పాసూ లేదు, ఫెయిలూ లేదు. తృప్తి కలగకపోతే ఇన్‌స్ట్రక్టర్ ఆ గంటను మామూలు శిక్షణగా రాసి ఊరుకుంటారు, మరో రోజు మళ్ళీ కూర్చుంటారు. పరీక్షకు తెరిచిన తలుపును పునశ్చరణకు మూసేశారని వాదించేవాళ్ళు, ఆ మూత ఏ వాక్యంలో ఉందో చూపించాలి కదా?

సంతకం నమూనాలోనూ అదే సంగతి. ఏ సందర్భానికి ఏ ఎండార్స్‌మెంట్ ఎలా రాయాలో ఇన్‌స్ట్రక్టర్ల కోసం ఎఫ్‌ఏఏ 61-65 అనే అడ్వైజరీ సర్క్యులర్‌లో నమూనాలు ఇస్తుంది. ఫ్లైట్ రివ్యూ నమూనాలో ఉండేవి పైలట్ పేరు, సర్టిఫికెట్ స్థాయి, దాని నంబరు, రివ్యూ తేదీ. విమానం రిజిస్ట్రేషన్‌కు అందులో గడే లేదు. లాగ్‌బుక్‌లో ఆ ప్రయాణం వివరాలు రాసేచోట విమానం రకం, గుర్తింపు రాయాలని 61.51 అడుగుతుంది. గుర్తింపు అంది గానీ అమెరికా గుర్తింపు అనలేదు. కాబట్టి ‘వీటీ’ అక్షరాలను దాచాల్సిన పని లేదు, ఉన్నవి ఉన్నట్టు రాస్తే సరి.

ఇంకో నిదర్శనం చూడండి. ఒకే పైలట్‌కు ఇంజన్ విమానానికీ గ్లైడర్‌కూ రేటింగులు ఉన్నాయనుకుందాం. ఆయన గ్లైడర్‌లో రివ్యూ చేయించుకుంటే చాలు, ఇంజన్ విమానం నడపడానికీ అదే చెల్లుతుంది. గ్లైడర్‌లో అయితే గాలిలో ఒక గంటకు బదులు సర్క్యూట్ ఎత్తు దాకా వెళ్ళి దిగే శిక్షణ ప్రయాణాలు మూడు చేసినా సరిపోతుందని అదే సెక్షన్ చెబుతుంది. ఇంజన్ ఉందా లేదా అని కూడా పట్టించుకోని నిబంధన, తోక మీది అక్షరాన్ని పట్టించుకుంటుందని ఎలా నమ్మాలి?

అవతలి పక్షం దగ్గర ఇంతకన్నా బరువైన వాదన ఒకటుంది. ‘రివ్యూ ఉద్దేశం అమెరికా నియమాలు గుర్తుచేయడం. వేరే దేశపు విమానంలో, వేరే దేశపు ఆకాశంలో ఎగిరితే అమెరికా నియమాలు ఎలా అలవాటవుతాయి?’ అని. వినడానికి బాగుంది. కానీ నియమాలు తిరగేయడం నేల మీది గంట పని. 91వ భాగాన్ని బేగంపేటలో కూర్చుని చదివినా మయామీలో కూర్చుని చదివినా అక్షరాలు అవే. ఎయిర్‌స్పేస్ వర్గాలు, వాతావరణ కనీస పరిమితులు, ఇంధనం నిల్వ ఎంత ఉండాలన్నది, ఎవరికి ఎవరు దారి ఇవ్వాలన్నది — ఇవన్నీ పుస్తకంతో, మ్యాపుతో, ప్రశ్నలతో తేలేవి. గాలిలో గంట వేరే విషయం కోసం. స్టాల్ వస్తున్నదని పైలట్ ముందే పసిగడుతున్నాడా, పక్క నుంచి వీచే గాలిలో రన్‌వే మధ్య గీత మీద దించగలుగుతున్నాడా, అప్రోచ్ చెడితే దిగడం మానుకుని తడబడకుండా మళ్ళీ పైకి లేస్తున్నాడా, ఇంజన్ ఆగిందనుకుంటే ఏ పొలాన్ని ఎంచుకుంటాడు. సెస్నా 172 హైదరాబాదులో ఎగిరినా హ్యూస్టన్‌లో ఎగిరినా రెక్క మీద గాలి విడిపోయే తీరు ఒక్కటే.

పైగా ఈ వాదన తనను తానే దెబ్బతీసుకుంటుంది. ‘ఎన్’ విమానం ఉన్నంత మాత్రాన చుట్టూ ఉన్న ఆకాశం అమెరికాది అయిపోదు. అమెరికాలో రిజిస్టరైన విమానం వేరే దేశంలో ఎగురుతున్నప్పుడు ఆ దేశపు విమాన నియమాలకు లోబడాలని ఎఫ్‌ఏఏ నియమావళిలోని 91.703 చెబుతుంది. జర్మనీలో ‘ఎన్’ విమానం ఎక్కినా యూరప్ నియమాలు పాటించాలి, రేడియోలో అక్కడి కంట్రోలర్‌తోనే మాట్లాడాలి. మరి ఆ విమానంలో జరిగిన రివ్యూ చెల్లుతుందని అందరూ ఒప్పుకుంటున్నారు. పక్క హ్యాంగరులోని ‘డీ’ విమానంలో, అదే రన్‌వే మీద, అదే ఇన్‌స్ట్రక్టర్‌తో జరిగిన రివ్యూ మాత్రం చెల్లదంటున్నారు. రెండింటికీ తేడా రంగు డబ్బాతో రాసిన అక్షరాలు తప్ప ఇంకేముంది?

‘విదేశంలో ఎఫ్‌ఏఏ కన్ను ఉండదు, దొంగ సంతకాలు పడతాయి’ అన్నది తరువాతి వాదన. నిఘా అవసరమే. అయితే ఎఫ్‌ఏఏ ఆ పగ్గాన్ని విమానానికి కట్టలేదు, ఇన్‌స్ట్రక్టర్‌కు కట్టింది. సంతకం పెట్టే మనిషి దగ్గర ఎఫ్‌ఏఏ ఇచ్చిన ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఉండాలి, ఆ విమానం కేటగిరీకి, క్లాసుకు రేటింగులు ఉండాలి. లాగ్‌బుక్‌లో తెలిసీ అబద్ధం రాస్తే సర్టిఫికెట్ సస్పెండ్ చేయడానికో రద్దు చేయడానికో ఎఫ్‌ఏఏ నియమావళి అధికారం ఇస్తుంది. ఆ అబద్ధం ఏ దేశంలో రాశారన్న మినహాయింపేమీ అందులో లేదు. దొంగ సంతకం పెట్టదలచినవాడికి ‘ఎన్’ విమానం అడ్డమూ కాదు. అసలు ఎగరకుండానే పెడతాడు.

ఇక్కడే ఎదుటి వైపు తప్పును కూడా ఖండించాలి. ‘విమానం ఏదైనా చాలు’ అని విన్న కొందరు ‘ఇన్‌స్ట్రక్టర్ ఎవరైనా చాలు’ అనుకుంటారు. చాలదు. విదేశీ ప్రభుత్వం అనుమతించిన ఇన్‌స్ట్రక్టర్ అమెరికా బయట ఇచ్చిన శిక్షణను కొత్త లైసెన్సుకో రేటింగ్‌కో లెక్కలోకి తీసుకోవచ్చని 61.41 ఒప్పుకుంటుంది. కానీ అలాంటి ఇన్‌స్ట్రక్టర్ పెట్టే సంతకం ‘ఈ శిక్షణ ఇచ్చాను’ అని చెప్పడానికే పనికొస్తుందని అదే సెక్షన్ గీత గీసింది. ఫ్లైట్ రివ్యూ సంతకం ఆ గీతకు అవతల ఉంది. కాబట్టి మన ఫ్లయింగ్ క్లబ్బులో ఎంత అనుభవజ్ఞుడైన చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఉన్నా, ఆయన దగ్గర ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ లేకపోతే ఆయన రివ్యూ అమెరికా లెక్కలోకి రాదు.

ఎయిర్‌లైన్ పైలట్లు పడే భ్రమ ఇలాంటిదే. ‘ఆరు నెలలకోసారి కంపెనీ సిమ్యులేటర్‌లో నా చర్మం ఒలుస్తున్నారు, అమెరికా రివ్యూ నాకెందుకు?’ అంటారు. ఎగ్జామినర్ దగ్గర ప్రొఫిషియెన్సీ చెక్ పాసైతే రివ్యూ అక్కర్లేదన్న మినహాయింపు 61.56లో ఉన్న మాట నిజమే. కానీ ఆ ఎగ్జామినర్ అంటే ఎఫ్‌ఏఏ అధికారం ఇచ్చిన మనిషి. డీజీసీఏ అధికారం ఇచ్చిన ఎగ్జామినర్ ఎంత నిక్కచ్చిగా పరీక్షించినా ఆ పరీక్ష భారతీయ లైసెన్సుకు పనికొస్తుంది, ఈ మినహాయింపుకు పనికిరాదు. గమనించండి, ఇక్కడా అడ్డుపడేది అధికారం లేని సంతకమే. నిబంధన మొత్తం మనిషి చుట్టూ అల్లారు, లోహం చుట్టూ కాదు.

ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ చూసేటప్పుడు ఒక మార్పు గుర్తుంచుకోవాలి. 2024 డిసెంబర్ 1 నుంచి ఎఫ్‌ఏఏ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్లకు గడువు తేదీ తీసేశారు. దానికి బదులు 24 క్యాలెండర్ నెలల్లోపు ఇన్‌స్ట్రక్టర్ తన అనుభవం తాజాగా ఉందని నిరూపించుకుంటూ ఉండాలి. సర్టిఫికెట్ మీద గడువు కనబడలేదు కాబట్టి అంతా బాగుందనుకోవద్దు. ఆ తాజా అనుభవం ఎప్పటివరకు చెల్లుతుందో అడిగి తెలుసుకోవాలి. ‘ఎన్’ అక్షరం కోసం పెట్టే చూపులో సగం ఇక్కడ పెట్టినా మేలు.

ఇప్పుడు రెండో ప్రశ్న. ‘కుదరదు’ అనేవాళ్ళకు నిజంగా బలం ఉన్నది ఇక్కడే, దాన్ని కాదనను. 1944 డిసెంబర్ 7న షికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడికలోని 32వ అధికరణం ప్రకారం, అంతర్జాతీయ ప్రయాణం చేసే ప్రతి విమానంలో పైలట్ దగ్గర ఆ విమానం రిజిస్టరైన దేశం ఇచ్చిన, లేదా ఆ దేశం చెల్లుబాటు చేసిన లైసెన్సు ఉండాలి. తన పౌరులు వేరే దేశంలో తెచ్చుకున్న లైసెన్సును తన నేల మీద ఎగరడానికి గుర్తించకుండా ఉండే హక్కు కూడా ప్రతి దేశానికీ ఆ అధికరణమే ఇచ్చింది. దేశం లోపలి ప్రయాణాలకు ఎవరి చట్టం వాళ్ళది. అందుచేత అమెరికా లైసెన్సు ఒక్కటే చేత పట్టుకుని మన ‘వీటీ’ విమానంలో ఎడమ సీటులో కూర్చుని కమాండ్ నాదే అంటే డీజీసీఏ ఒప్పుకోదు. అమెరికా ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఒక్కటే ఉన్న మనిషి మన దేశపు విమానంలో శిక్షణ ఇస్తానంటే కూడా ఒప్పుకోదు, దానికి ఇక్కడి ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ కావాలి. యూరప్‌లో స్థిరపడ్డవాళ్ళకు లైసెన్సుల విషయంలో అక్కడి నియమాలు మరో రకంగా బిగుసుకున్నాయి.

అయితే ఈ బలం ఎంతవరకు? ఆ ప్రయాణం స్థానిక చట్టం ప్రకారం సక్రమంగా ఉండాలన్నంతవరకే. సక్రమంగా ఉండే దారులున్నాయి. అమెరికాలో ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి తిరిగివచ్చి, ఇక్కడ డీజీసీఏ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ కూడా తీసుకున్న మనిషి ఉన్నారనుకోండి. ఆయన పక్కన డీజీసీఏ లైసెన్సు ఉన్న మన కుర్రాడు కూర్చుంటాడు. విమానం భారతీయం, ఇద్దరి భారతీయ పత్రాలూ సరిగ్గా ఉన్నాయి, కాబట్టి ఇక్కడి చట్టానికి లోటు లేదు. ఇన్‌స్ట్రక్టర్‌కు ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ ఉంది, కుర్రాడికి ఆ క్లాసు విమానానికి ఎఫ్‌ఏఏ రేటింగ్ ఉంది, నేల మీది గంటా గాలిలో గంటా పూర్తయ్యాయి, కాబట్టి అక్కడి చట్టానికీ లోటు లేదు. కుర్రాడి అమెరికా రివ్యూ గడువు అప్పటికే దాటిపోయినా ఫరవాలేదు. ఆ రోజు అతను ‘వీటీ’ విమానం ఎక్కింది భారతీయ లైసెన్సు మీద. అలాంటి ఇన్‌స్ట్రక్టర్లు ఊరూరా ఉండరు, వెతుక్కోవాలి. కానీ దొరకకపోవడం వేరు, చెల్లకపోవడం వేరు. మొదటిది ఇబ్బంది, రెండోది చట్టం. ఇబ్బందిని చట్టంగా ప్రచారం చేస్తే దొరికే దారి కూడా వెతకరు.

విమానం అద్దెకిచ్చే సంస్థలు, బీమా కంపెనీలు తమ షరతులు తాము పెట్టుకుంటాయి. అమెరికాలో దిగిన రోజున ఏ స్కూలైనా ‘మా ఇన్‌స్ట్రక్టర్‌తో ఒకసారి ఎగిరి చూపించు, తరువాతే తాళాలు’ అనొచ్చు. అది వాళ్ళ ఆస్తి, వాళ్ళ హక్కు, చాలా సందర్భాల్లో మంచి జాగ్రత్త కూడా. కొత్త ఊరి గగనతలం తెలియని పైలట్‌కు ఆ గంట ఎంతైనా అవసరం. అయినా అది స్కూలు షరతే, 61.56 షరతు కాదు. ఈ రెండింటినీ కలగలిపి ‘చూశావా, బయట చేయించుకున్నది ఒప్పుకోలేదు’ అని చెప్పుకుంటూ ఈ అపోహకు మరింత ఊపిరి పోస్తున్నారు.

అపోహే కదా, వదిలేద్దాం అనుకోవడానికి కూడా వీల్లేదు. 1970లలో అమెరికా రెండేళ్ళకోసారి ఈ రివ్యూను తప్పనిసరి చేసింది, లైసెన్సు వచ్చాక ఎవరి చూపూ పడకుండా ఏళ్ళ తరబడి ఎగిరే పైలట్ల పక్కన ఒక ఇన్‌స్ట్రక్టర్‌ను కూర్చోబెట్టడానికి. చేతికి పట్టిన తుప్పు తనకు తానుగా కనబడదు, పక్కనున్న మనిషికి కనబడుతుంది. రివ్యూను ఎంత దూరం చేస్తే, ఎంత ఖరీదు చేస్తే, పైలట్ అంతగా వాయిదా వేస్తాడు. ఎప్పుడో అమెరికా వెళ్ళినప్పుడు, జెట్‌లాగ్ దిగకముందే, తెలియని విమానాశ్రయంలో, హడావుడిగా ఒక గంట ఎగిరి సంతకం తెచ్చుకుంటాడు. తాను వారం వారం నడిపే విమానంలో, తన బలహీనతలు తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌తో, తీరిగ్గా చేయించుకునే రివ్యూ కన్నా ఇది భద్రతకు ఏ రకంగా మేలు? భద్రత పేరు చెప్పి భద్రతనే దూరం పెడుతున్నారు.

కాబట్టి చేయవలసింది సులభం. అమెరికా లెక్క కోసం మూడు విషయాలు సరిచూసుకోవాలి: ఆ విమానం క్లాసుకు తన ఎఫ్‌ఏఏ రేటింగ్, ఎదుటి మనిషి ఎఫ్‌ఏఏ ఇన్‌స్ట్రక్టర్ అధికారం, రెండు గంటల శిక్షణ తరువాత సరైన ఎండార్స్‌మెంట్. స్థానిక లెక్క కోసం విమానం రిజిస్టరైన దేశపు అధికారులనూ, ఎగిరే దేశపు అధికారులనూ అడగాలి: కమాండ్‌లో ఎవరుండొచ్చు, శిక్షణ ఎవరివ్వొచ్చు? రెండు జవాబులూ అవునంటే ఎక్కి కూర్చోవచ్చు. అప్పటికీ ‘ఇది ఎన్ విమానం కాదు, నేను సంతకం పెట్టను’ అనే ఇన్‌స్ట్రక్టర్ ఎదురైతే వాదనకు దిగక్కర్లేదు. 61.56 తెరిచి ఆయన ముందు పెట్టి, ఏ వాక్యం వద్దంటున్నదో వేలు పెట్టి చూపించమనాలి. చూపించాల్సిన బాధ్యత వద్దనేవాళ్ళదే.